సంధి స్థలం: ఉత్తరాంధ్ర శిల్పరూపాల వెలుగులో క్యాడ్ నమూనా చరిత్ర

వ్యాససంగ్రహం

చేతితో మలచినట్లుండే స్వేచ్ఛారూపాలను, కొలతలకు కట్టుబడిన ఘనరూపాలతో అతుకు తెలియకుండా కలపడం కంప్యూటర్ ఆధారిత రూపకల్పన (క్యాడ్) చరిత్రలో అర్ధశతాబ్దిగా సాగుతున్న సమస్య. ఉపరితలాల గణితం, ఘనరూపాల గణితం 1970ల మధ్యనాటికే వేర్వేరుగా రూపుదిద్దుకున్నాయి. వాటిని కలిపే మార్గాలు స్థిరపడడానికి మాత్రం మరి మూడు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈ చరిత్రను శ్రీముఖలింగం శిలాశిల్పం, బొబ్బిలి వీణ, బుడితి లోహపు పని అనే మూడు ఉత్తరాంధ్ర కళారూపాలతో కలిపి చదవడం ఈ వ్యాస లక్ష్యం. రూపం కన్నా రూపాల సంధిలోనే పనివాని జ్ఞానం అధికంగా ఉంటుందనీ, హస్తకళల డిజిటల్ నమోదులో మొదట జారిపోయేది అదేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్యాడ్, ఘనరూప నమూనా, సంధి, బొబ్బిలి వీణ, బుడితి, శ్రీముఖలింగం, డిజిటల్ నమోదు

1. ప్రవేశిక

బొబ్బిలి వీణను పక్కనుంచి పరిశీలించినప్పుడు కుండ ఎక్కడ ముగిసిందో, దండి ఎక్కడ ఆరంభమైందో గీత గీసి చూపడం కష్టం. కుండ గుండ్రనిది, దండి పొడవుగా, దాదాపు తిన్నగా సాగేది. రెండింటి జ్యామితి వేరు. అయినా వాటి నడుమ చూపు ఆగదు, చెయ్యి తడబడదు. భిన్న జ్యామితులు గల రెండు రూపాల ఇటువంటి నునుపైన కలయికను క్యాడ్ రంగంలో ‘బ్లెండ్’ అని వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో దానికి ‘సంధి’ అనే పదాన్ని వాడడం జరిగింది.

ఈ పదం ఎంపికకు కారణముంది. తెలుగు వ్యాకరణం రెండు అచ్చుల కలయికను రెండు విధాలుగా పరిష్కరిస్తుంది. ‘మేన, అత్త’ కలిసి ‘మేనత్త’ అయినప్పుడు రెండు అచ్చుల స్థానంలో ఒక్కటే నిలుస్తుంది, ఇది ఏకాదేశం. ‘మా, అమ్మ’ అన్నచోట సంధి జరగదు. రెండు అచ్చులూ నిలిచి, వాటి నడుమ యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది; ఇది యడాగమం. ఆగమం ఉన్నవాటిని తొలగించకుండా పక్కన చేరుతుంది కనుక దానిని మిత్రునితోనూ, ఆదేశం ఉన్నదాన్ని తొలగించి దాని స్థానంలో నిలుస్తుంది కనుక దానిని శత్రువుతోనూ వ్యాకర్తలు పోల్చారు. క్యాడ్ చరిత్రలో రూపాలను కలిపే మార్గాలు కూడా స్థూలంగా ఈ రెండే. రెండు రూపాల మధ్య మూడవ ఉపరితలాన్ని చేర్చడం ఒకటి. రెండింటినీ మొదటినుంచీ ఒకే రూపంగా నిర్మించడం మరొకటి. మొదటిదానిని ఆగమ మార్గమనీ, రెండవదానిని ఏకాదేశ మార్గమనీ పిలిస్తే, యంత్రశాస్త్ర పరిచయం లేని పరిశోధకునికి కూడా ఈ చరిత్ర సుబోధమవుతుంది.

2. ఉపరితలాల వంశం

వంపు రూపాలను కచ్చితంగా గీయవలసిన అవసరం మొదట ఓడల నిర్మాణంలో ఏర్పడింది. ఓడ పొట్టు వంపును నిజ పరిమాణంలో నేలమీద గీసేందుకు సన్నని కర్రబద్దలను వంచి, వాటిని సీసపు బరువులతో నిలిపేవారు. వంగిన బద్ద తనంతట తాను కుదుపులేని వంపును తీసుకుంటుంది. ఆ బద్ద పేరే తరువాతి గణితంలో ‘స్ప్లైన్’ అయింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఉన్న కాలంలోనే, 1941లో విశాఖపట్నంలో సింధియా సంస్థ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ నిర్మించిన ‘జల ఉష’ 1948లో జలప్రవేశం చేసింది. అంటే కంప్యూటర్ రాకకు ముందే, ఉపరితలాన్ని గీతలుగా విడదీసి నిర్మించే ఆధునిక పద్ధతి ఈ తీరానికి చేరింది.

విమాన నిర్మాణం ఈ విద్యను గీతలనుంచి సమీకరణాలకు మళ్లించింది. అమెరికాలో నార్త్ అమెరికన్ విమాన సంస్థలో పనిచేసిన రాయ్ లైమింగ్, శాంకవాలతో విమాన శరీరాన్ని లెక్కగట్టే పద్ధతిని 1944లో గ్రంథస్థం చేశాడు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కార్ల సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959 ప్రాంతంలోనూ, రెనో సంస్థలో పియేర్ బెజియే 1960లలోనూ స్వతంత్రంగా ఒకే తరహా వక్రాలను రూపొందించారు. సిట్రోయెన్ తన పరిశోధనను గోప్యంగా ఉంచింది. బెజియే తన పనిని ప్రచురించాడు. అందువల్ల వక్రాలకు బెజియే పేరే స్థిరపడింది. ఎం.ఐ.టి.లో స్టీవెన్ కూన్స్, నాలుగు అంచు వక్రాలను ఇస్తే నడుమ ఉపరితలాన్ని నింపే పద్ధతిని 1967 నాటి నివేదికలో వివరించాడు.

ఈ పద్ధతులన్నిటికీ ఒక పరిమితి ఉంది. సాధారణ బహుపదులతో వృత్తాన్ని కచ్చితంగా వ్యక్తం చేయడం సాధ్యం కాదు. యంత్రభాగాలలో అత్యధికం వృత్తాలు, స్తూపాలే. 1975లో కెన్ వర్స్‌ప్రిల్ తన సిద్ధాంత వ్యాసంలో వివరించిన భిన్నరూప బి-స్ప్లైన్లు ఈ లోటును తీర్చాయి. ‘నర్బ్స్’ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ రూపంలో, స్వేచ్ఛగా మలచిన ఉపరితలమూ, కచ్చితమైన స్తూపమూ ఒకే గణితభాషలో ఇమిడాయి. రెండు రూపాలకు ఉమ్మడి లిపి దొరికింది కాని, వాటిని కలిపే సంధిసూత్రం ఇంకా దొరకలేదు.

3. ఘనరూపాల వంశం

ఉపరితలానికి మందం లేదు. అది లోపలికీ బయటికీ నడుమ సరిహద్దును సూచించగలదు కాని, లోపల ఏముందో చెప్పలేదు. వస్తువు బరువెంత, ఘనపరిమాణమెంత, రెండు భాగాలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోతున్నాయా అన్న ప్రశ్నలకు జవాబు కావాలంటే ఘనరూపం అవసరం. 1970ల తొలి సగంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇయాన్ బ్రెయిడ్, స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ బామ్‌గార్ట్ ఘనరూపాన్ని ముఖాలు, అంచులు, శీర్షాల అల్లికగా కంప్యూటర్‌లో నిలిపే విధానాలను రూపొందించారు. రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో వోల్కర్, రెక్విచా బృందం దిమ్మె, స్తూపం వంటి ప్రాథమిక ఘనాలను కూడడం, తీసివేయడం ద్వారా వస్తువును నిర్మించే మార్గాన్ని అభివృద్ధి చేసింది.

ఈ వంశం నియమబద్ధమైనది. ఘనానికి 8 శీర్షాలు, 12 అంచులు, 6 ముఖాలు ఉన్నాయి; 8 నుంచి 12 తీసి 6 కలిపితే 2. ఆయిలర్ చెప్పిన ఈ లెక్క, రంధ్రాలు లేని ప్రతి సాధారణ ఘనానికీ సరిపోవాలి. ఒక్క ముఖం తప్పిపోయినా లెక్క తప్పుతుంది. కంప్యూటర్ దానిని ఘనంగా అంగీకరించదు. ఈ క్రమశిక్షణ ఉన్నందువల్లనే ఘనరూప నమూనాలు తయారీకి నమ్మదగిన ఆధారమయ్యాయి. అయితే తొలి ఘనరూప వ్యవస్థలకు తెలిసిన ఉపరితలాలు సమతలం, స్తూపం, శంకువు, గోళం వంటి కొద్దివి మాత్రమే. వాటితో గేర్లపెట్టె నిర్మించవచ్చు. వీణ కుండను నిర్మించడం సాధ్యం కాదు. ఒక వంశానికి వంపు తెలుసు, మందం తెలియదు. రెండవ వంశానికి మందం తెలుసు, వంపు తెలియదు.

4. కలయికలోని చిక్కు

రెండు వంశాలనూ కలపడంలోని కష్టాన్ని ఒక పాత్ర ద్వారా వివరించవచ్చు. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ ఒక టీ కూజాను బెజియే ఉపరితలాలతో నమూనాగా చేశాడు. కంప్యూటర్ చిత్రకళలో అది నేటికీ ప్రామాణిక పరీక్షావస్తువు. ఆ నమూనాలో కొమ్ము, పిడి కూజా పొట్టలోకి చొచ్చుకొని పోయి ఉంటాయే తప్ప దానితో కలిసి ఉండవు. మొదటి నమూనాకు అడుగు కూడా లేదు. కంటికి పాత్రలా కనిపించే ఆ వస్తువు ఘనరూప నియమాల ప్రకారం వస్తువే కాదు. తెలుగు ఇళ్లలోని కొమ్ముచెంబుతో దీనిని పోల్చి చూడవచ్చు. కొమ్ము పొట్టతో కలిసేచోట నీరు కారకూడదు, ఆ మూల విరగకూడదు, తోముతుంటే వేలు గుచ్చుకోకూడదు. న్యూవెల్ నమూనాకు అవసరం కాని ఈ మూడు షరతులనూ చెంబు చేసే పనివాడు సంధి స్థలంలోనే నెరవేర్చాలి.

గణితపరంగా చిక్కు ఇంకా లోతైనది. నమూనాలలో సాధారణంగా వాడే ద్విఘన ఉపరితల ఖండాన్ని బీజగణిత సమీకరణంగా రాస్తే దాని పరిమాణం 18 వరకు ఉంటుంది. అటువంటి రెండు ఖండాలు ఖండించుకున్నప్పుడు ఏర్పడే వక్రం పరిమాణం 18 ఇంటు 18, అంటే 324 వరకు చేరుతుంది. అంతటి వక్రాన్ని కచ్చితంగా నిలవచేయడం ఆచరణలో అసాధ్యం. అందుచేత ప్రతి క్యాడ్ వ్యవస్థా దానికి దగ్గరి వక్రాన్ని మాత్రమే, ఒక నిర్ణీత సహనపరిమితికి లోబడి, దాచుకుంటుంది. తెర మీద అతుకు కనబడని చోట కూడా రెండు ఉపరితలాల నడుమ అతి సూక్ష్మమైన ఎడం ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ సహించిన ఎడాన్ని మరొకటి సహించకపోతే, ఘనరూపం అక్కడ విచ్చిపోతుంది.

ఎడం పూడినంత మాత్రాన సంధి పూర్తికాదు. నునుపుకు కనీసం మూడు అంతస్తులున్నాయి. రెండు ఉపరితలాలు అంచు వెంబడి తాకుతూ ఉండడం మొదటిది. పెట్టె మూల ఇటువంటిది. తాకడంతోపాటు అంచు వద్ద రెండింటి వాలూ ఒకటే కావడం రెండవది. వాలుతోపాటు వంపు తీవ్రత కూడా ఒకటే కావడం మూడవది. 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తఖండంతో సమతలాన్ని కలిపితే రెండవ అంతస్తు సిద్ధిస్తుంది; కాని వంపు తీవ్రత సున్నానుంచి ఒక్కసారిగా మిల్లీమీటరుకు 0.2కు ఎగురుతుంది. రైలుమార్గాన్ని తిన్నని దారినుంచి నేరుగా వృత్తంలోకి మలపక, క్రమంగా వంపు పెరిగే సంక్రమణ వక్రాన్ని నడుమ వేయడానికి కారణం ఈ ఎగురుడే. మెరుగు పెట్టిన ఇత్తడి పాత్రను వెలుగుకెదురుగా తిప్పితే ఈ మూడు అంతస్తులూ కంటికి తెలుస్తాయి. మొదటి అంతస్తులో ప్రతిబింబపు గీత తెగుతుంది, రెండవదానిలో తెగకుండా విరుగుతుంది, మూడవదానిలో జారిపోతుంది. కార్ల రూపకర్తలు నమూనాపై చారల ప్రతిబింబాన్ని ప్రసరింపజేసి చేసే పరీక్ష కూడా ఇదే.

5. క్యాడ్‌లో రెండు మార్గాలు

ఆగమ మార్గానికి ప్రసిద్ధమైన రూపం ‘దొర్లే బంతి’. రెండు ఉపరితలాలనూ ఒకేసారి తాకుతూ ఒక బంతి వాటి నడుమ మూల వెంబడి దొర్లుతుందని ఊహిస్తే, అది తాకిన జాడల మధ్య ఏర్పడే ఉపరితలమే సంధి. స్థిరవ్యాసార్ధంతో ఇటువంటి సంధిని ఘనరూప నమూనాలో నిర్మించే పద్ధతిని 1984లో రొసినాక్, రెక్విచా వివరించారు. లోపలి మూలలో ఈ సంధి పదార్థాన్ని చేరుస్తుంది. బయటి అంచులో పదార్థాన్ని తొలగిస్తుంది. వ్యాకర్తలు చెప్పిన మిత్రుడూ శత్రువూ ఒకే బంతిలో ఉన్నారు. మరుసటి ఏడు హాఫ్‌మన్, హాప్‌క్రాఫ్ట్ రెండు ఉపరితలాల సమీకరణాలనుంచే సంధి ఉపరితలపు సమీకరణాన్ని రాబట్టే మార్గాన్ని ప్రతిపాదించారు.

దొర్లే బంతి కంప్యూటర్‌లో పుట్టిన ఊహ కాదు. పోతపని నమూనాలు చేసే వడ్రంగులు లోపలి మూలల్లో మైనపు వత్తులనో, తోలు పట్టీలనో అంటించి గుండ్రంగా తీర్చేవారు. పదునైన మూలలో కరిగిన లోహం సరిగా పారదు. గట్టిపడేటప్పుడు అక్కడే పగులు మొదలవుతుంది. వాడుకలో ఉన్న వస్తువులోనూ ఒత్తిడి పదునైన లోపలి మూలలోనే పోగుపడుతుంది. క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో నేడు ఒక్క మీటతో జరిగే ‘ఫిల్లెట్’ అనే పనికి ఆ పేరు నమూనా పనివారి వాడుకలోనూ ఉంది.

ఆగమ మార్గం యంత్రభాగాలకు చాలినా, జంతుముఖం వంటి శిల్పరూపాలకు చాలదు. ముఖంలో మూలలు లెక్కకు మించి ఉంటాయి. అవి ఒకదానిలో ఒకటి కరిగిపోతూ ఉంటాయి. ఏకాదేశ మార్గానికి పునాది 1978లో పడింది. క్యాట్మల్, క్లార్క్ ఒక జతగానూ, డూ, సేబిన్ మరొక జతగానూ, ముతకగా చేసిన పంజరాన్ని పదేపదే విభజిస్తూ నునుపు ఉపరితలాన్ని పొందే పద్ధతులను అదే సంవత్సరం ప్రచురించారు. ఎన్ని శాఖలున్న రూపాన్నైనా ఇందులో ఒకే ఉపరితలంగా మలచవచ్చు. అయితే నాలుగు అంచులకు ఎక్కువగానో తక్కువగానో కలిసే బిందువుల వద్ద క్యాట్మల్-క్లార్క్ ఉపరితలం వాలును మాత్రమే నిలుపుకొని వంపు తీవ్రతను కోల్పోతుంది. అతుకు మాయం కాలేదు. రేఖనుంచి బిందువుకు కుదించుకుపోయింది.

2003లో సెడర్‌బర్గ్ బృందం ప్రతిపాదించిన టి-స్ప్లైన్లు నర్బ్స్‌కూ విభజన ఉపరితలాలకూ వంతెన వేశాయి. ఉపరితలంలో ఒకచోట సూక్ష్మత పెంచడానికి వరుస మొత్తాన్నీ పెంచవలసిన అవసరం తప్పింది. 2008లో ఆ బృందమే, ఖండించుకున్న ఉపరితలాల నడుమ ఎడం లేకుండా చేయడానికి టి-స్ప్లైన్లను ఉపయోగించే పద్ధతిని వివరించింది. ఈ సాంకేతికతను 2011లో ఆటోడెస్క్ సంస్థ తీసుకొంది. మలచిన రూపాన్ని గీసి, దానిని ఘనంగా మార్చి, రంధ్రాలూ పలకలూ చేర్చే సదుపాయం సామాన్య విద్యార్థి కంప్యూటర్‌కు చేరింది. 1970ల మధ్యలో సిద్ధంగా ఉన్న రెండు వంశాల మధ్య వియ్యం కుదరడానికి ఇంతకాలం పట్టింది.

6. మూడు పదార్థాలు, మూడు సంధులు

ఈ చరిత్రనుంచి ఉత్తరాంధ్ర వైపు తిరిగితే, పనివారు పదార్థాన్నిబట్టి సంధి మార్గాన్ని ఎన్నుకున్న తీరు స్పష్టమవుతుంది.

శిల: శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని పలువురు చరిత్రకారుల నిర్ణయం. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు అక్కడ కళింగ శైలికి తొలినాటి సాక్ష్యాలు. మధూకమంటే ఇప్పచెట్టు, ఇప్పమానులో శివుడు వెలసినట్లు స్థలపురాణం చెబుతుంది. ప్రతిమాశాస్త్రంలో ముఖలింగమనే పదమే ఈ వ్యాసంలోని సమస్యను సూచిస్తుంది. లింగం స్తూపాకారపు ఘనం. ముఖం మలచిన రూపం. చెంపల వంపు స్తూపపు వంపులో ఎక్కడ కలుస్తుందో నిర్ణయించడమే శిల్పి పని. రాతిలో తీసివేతే తప్ప కూడిక లేదు. ముఖానికి కావలసిన ఎత్తును ముందే లెక్కగట్టి, మిగతా స్తూపాన్ని దానికి తగ్గట్టు లోపలికి దించాలి. తుది రూపంలో స్తూపం మొదటిదిగా, ముఖం దానిమీద మొలిచినదిగా కనిపిస్తుంది. చెక్కే క్రమంలో ముఖపు ఎత్తే స్తూపాన్ని నిర్ణయిస్తుంది.

ఆలయ గోడల విషయం ఇందుకు భిన్నం. అవి పేర్చిన రాళ్లు. కళింగ సంప్రదాయపు ఆలయాలలో ఒకే శిల్పం రెండు మూడు రాళ్లమీదుగా సాగడం, కొన్నిచోట్ల చెక్కడం సగంలో ఆగిపోవడం కనిపిస్తాయి. రాళ్లు పేర్చిన తరువాతనే వాటిమీద శిల్పాన్ని తీర్చారనడానికి ఇవి ఆధారాలు. అంటే నిర్మాణపు అతుకు ఒకచోట, రూపపు అంచు మరొకచోట ఉన్నాయి. క్యాడ్ రూపకర్తలు ఉపరితల ఖండాల హద్దులను రూపపు పదునైన మలుపులకు దూరంగా, నిదానంగా సాగే చోట ఉంచాలని నేర్చుకున్న పాఠం ఇదే కోవలోనిది.

కలప: విజయనగరం జిల్లా బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బొబ్బిలి సంస్థానపు ఆదరణలో 17వ శతాబ్దిలో ఈ పని మొదలైందని సంప్రదాయం. కుండ, దండి, యాళి ముఖం ఒకే పనస దుంగనుంచి రావడం వల్ల దీనిని ఏకాండి వీణ అంటారు. ఇది ఏకాదేశానికి ప్రత్యక్ష ఉదాహరణ. భాగాలను వేరుగా చేసి జోడించే వీణలలో కుండ, దండి కలిసేచోట అలంకారపు పట్టీ ఉంటుంది. అది అందానికే కాక అతుకును కప్పడానికి కూడా. ఏకాండి వీణలో కప్పవలసిన అతుకు లేదు. కలప పోగు ఆ మలుపు గుండా తెగకుండా సాగుతుంది. నాదం కూడా అలాగే సాగుతుందని వైణికుల విశ్వాసం. అయితే ఏకాండిలోనూ ఒక ఆగమం తప్పదు. కుండను, దండిని లోపల తొలవాలంటే పైభాగం తెరచి ఉండాలి. తొలచిన తరువాత పలకతో మూయాలి.

ఏడు తంత్రుల లాగుడు దండిని కుండవైపు వంచజూస్తుంది. ఆ వంపును భరించేది వాటి సంధే. పైకి నునుపుగా కనిపించే మలుపు లోపలి బోలులో కూడా మలుపే. క్యాడ్‌లో ఘనరూపాన్ని లోపల తొలిచే పనిని కంప్యూటర్‌కు అప్పగిస్తే, అది బయటి ఉపరితలాన్ని సమానమైన ఎడంతో లోపలికి జరుపుతుంది. మలుపు వ్యాసార్ధం కన్నా గోడ మందం ఎక్కువైన చోట ఆ లోపలి ఉపరితలం తనను తాను ఖండించుకొని లెక్క విఫలమవుతుంది. పనివానికి సమాన మందం నియమం కాదు కనుక ఈ వైఫల్యం అతనికి ఎదురుకాదు. అతని ఉలి మొన వంపే అతని దొర్లే బంతి. ఆ ఉలి చొరగలిగినంత చిన్న మలుపే ఆ వీణలోని అతిచిన్న మలుపు.

లోహం: శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి వస్తువులకు ప్రసిద్ధి. రాగి, తగరం కలిస్తే కంచు. రాగి, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. గంటలకు వాడే కంచులో దాదాపు ఐదింట ఒక వంతు తగరం ఉంటుంది. అందువల్ల అది గట్టిది, చల్లారాక పెళుసైనది. ఇత్తడి సుత్తికి లొంగుతుంది. లోహం కరుగుతుంది కనుక రాతికీ కలపకూ లేని స్వేచ్ఛ దానికి ఉంది: పోతలో ఏకాదేశమూ సాధ్యమే, టంకంలో ఆగమమూ సాధ్యమే. ఇత్తడి బిందెల వంటి వాటిని పై సగం, కింది సగం వేరుగా సాగగొట్టి, అంచులను అతికి, మళ్లీ సుత్తితో సమం చేయడం భారతీయ కంచరి పనిలో విస్తృతంగా ఉన్న పద్ధతి. టంకం రెండు అంచుల నడుమ చేరే యకారం; తరువాతి సుత్తి దెబ్బలు దానిని చూపుకు అందకుండా చేస్తాయి.

7. నమోదులో మిగలవలసినది

బొబ్బిలి వీణకు, బుడితి లోహపు పనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. 1999లో చేసి 2003లో అమలులోకి తెచ్చిన ఆ చట్టం ఒక ప్రాంతపు వస్తువు పేరును కాపాడుతుంది. మరోవైపు వారసత్వ వస్తువులను త్రిమితీయ స్కానింగ్ ద్వారా నమోదు చేసే పద్ధతి విస్తరిస్తోంది. ఒకటి పేరును, మరొకటి ఆకారాన్ని భద్రపరుస్తాయి. సంధిజ్ఞానం ఈ రెండింటి నడుమ జారిపోయే ప్రమాదం ఉంది.

స్కానర్ ఇచ్చేది లక్షల బిందువులు, వాటిని కలిపే త్రిభుజాలు. అది మందంలేని తొడుగు. యూటా కూజాలాగే ఆకారం ఉంటుంది, వస్తువు ఉండదు. వీణ లోపలి బోలు, గోడ మందపు హెచ్చుతగ్గులు, పలక మూసిన తీరు అందులోకి రావు. ఆ తొడుగును ఘనరూపంగా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ తనకు అనుకూలమైన ఖండాలుగా దానిని విడదీస్తుంది. వాటి హద్దులకూ పనివాని ఆలోచనకూ సంబంధం ఉండదు. అటువంటి దస్త్రంతో కంప్యూటర్ నడిపే కోతయంత్రం వీణను పోలిన వస్తువును చెక్కగలదు. గుండ్రని మొన గల కోతపరికరం లోపలి మలుపులను తన వ్యాసార్ధానికి తగ్గట్టు తీరుస్తుంది. మూడు అక్షాల యంత్రమైతే యాళి దవడ కింది భాగాల వంటి చాటుచోట్లకు చేరనే చేరదు. ఆ వస్తువులో పరికరం మారినప్పుడు సంధి కూడా మారుతుంది. కొన్ని తరాల తరువాత పరిశోధకునికి దస్త్రమే ఆధారమైతే, యంత్రపు వంపునే గొల్లపల్లి వంపుగా భ్రమించే అవకాశం ఉంది.

కనుక నమోదు పద్ధతిలో నాలుగు అంశాలు చేరవలసి ఉన్నది. మొదటిది పని క్రమం: ఏ భాగం ముందు తీరింది, సంధిని ఏ దశలో ముట్టుకున్నారు, చివర ఎన్నిసార్లు మళ్లీ చూశారు. రెండవది పరికరం: ప్రతి ఉలి, ప్రతి సుత్తి మొన వంపును కొలవడం, ఎందుకంటే సంధి వ్యాసార్ధానికి మూలం అక్కడే ఉంది. మూడవది లోపలి రూపం: పలక మూయకముందే కుండను, దండిని స్కాన్ చేయడం. నాలుగవది పదజాలం: ఒక మలుపు చాలినప్పుడు, చాలనప్పుడు పనివారు వాడే మాటలను వారి మాటల్లోనే రికార్డు చేయడం. క్యాడ్ శాస్త్రం మూడు అంతస్తులుగా విభజించిన నునుపును పనివారి భాష ఎన్నిగా విభజిస్తుందో తెలియాలంటే ఇది తప్పనిసరి. మొదటి మూడింటికి యంత్రశాస్త్ర విభాగాల సహకారం కావాలి. నాలుగవది తెలుగు శాఖల పని. జానపద వృత్తి పదకోశాల సంప్రదాయం ఉన్న తెలుగు పరిశోధనకు ఇది కొత్త బరువు కాదు.

8. ముగింపు

క్యాడ్ చరిత్ర ఒక విషయాన్ని నిరూపించింది. వంపును వర్ణించడం, ఘనాన్ని లెక్కించడం విడివిడిగా సాధించిన తరువాత కూడా, వాటి కలయిక స్వతంత్రమైన సమస్యగానే మిగిలింది. దొర్లే బంతి, విభజన ఉపరితలం, టి-స్ప్లైన్ అన్నీ ఆ ఒక్క సరిహద్దురేఖ కోసం పుట్టినవే. శ్రీముఖలింగం శిల్పి తీసివేత క్రమంతో, గొల్లపల్లి పనివాడు ఒకే దుంగతో, కంచరి టంకంతో సుత్తితో ఆ రేఖను దాటారు. వారి సమాధానాలు సమీకరణాలుగా లేవు కాబట్టి అవి జ్ఞానం కావని భావించడానికి వీలులేదు. సమీకరణాలు గల రంగానికే ఈ సమస్య దశాబ్దాలు పట్టిందన్న వాస్తవం, ఆ సమాధానాల విలువను తెలుపుతుంది. ముదురు పనస దుంగ, దానిని చెక్కే చెయ్యి అందుబాటులో ఉన్నంతలో నమోదు కావలసినది వీణ ఆకారం మాత్రమే కాదు. కుండ దండిగా మారే ఆ జానెడు చోటు కూడా.